కట్టుడు పళ్ళు డబ్బాలోనే ఉండిపోతే

ప్రశ్న: మా మామగారికి 74 ఏళ్ళు. తెలుగు పండితులుగా పనిచేసి రిటైరయ్యారు. పై పళ్ళన్నీ పోయాయి, కింద ముందువైపు ఆరు మాత్రం మిగిలాయి. రెండేళ్ళ క్రితం పైవరుసకు కట్టుడు పళ్ళు పెట్టించాం. ఇప్పుడవి నమిలేటప్పుడు జారిపోతున్నాయని తీసి డబ్బాలో పెట్టేశారు. రెండు పూటలా చారన్నం, పెరుగన్నమే తింటున్నారు. మనవడికి పద్యాలు చెప్పడం మానేశారు. పెళ్ళిళ్ళకు రావడం లేదు, నలుగురిలో మాట్లాడవలసి వస్తే కండువా అడ్డం పెట్టుకుంటున్నారు. "ఈ వయసులో నాకు పళ్ళెందుకమ్మా" అంటారు. షుగరు కూడా ఉంది. ఏం చేయమంటారు?
– ఒక కోడలు, తెనాలి

జవాబు: అమ్మా, మీ ఉత్తరంలో నన్ను ఎక్కువగా బాధపెట్టింది చారన్నం సంగతి కాదు, కండువా సంగతి. పళ్ళు పోయిన పెద్దవాళ్ళు తిండి తగ్గించడం ఇంట్లో అందరికీ కనిపిస్తుంది గాని, మాట తగ్గించడం, నలుగురితో కలిసి పంక్తిలో కూర్చోకపోవడం వయసు వల్ల వచ్చిన మార్పుగానే చెల్లిపోతుంది. త, ద, న, స వంటి దంత్యాలు పలకడానికి నాలుకకు పళ్ళ ఆసరా కావాలని మీ మామగారికి మనకంటే బాగా తెలుసు. జీవితమంతా స్పష్టంగా పద్యం చదివిన మనిషికి ఆ అక్షరాలు జారిపోతుంటే ఎంత కష్టంగా ఉంటుందో ఆలోచించండి. ఆయన మౌనాన్ని వైరాగ్యం అనుకోకండి.

ఇక పళ్ళ సెట్టు ఎందుకు జారుతోందో చూద్దాం. నోరు చూడకుండా నిర్ధారించి చెప్పలేను గాని, మీరు రాసిన పరిస్థితిలో మేము మొదట అనుమానించేది ఒకటుంది. కింద దవడలో వెనుకవైపు పళ్ళు లేకుండా ముందు పళ్ళే మిగిలినప్పుడు, నమిలే బలమంతా పైసెట్టు ముందు భాగం మీద పడుతుంది. అక్కడ నొక్కుకుపోయి వెనుక భాగం అంగిలి నుంచి ఊడి వస్తుంది. ఇలా చాలాకాలం జరిగితే పై ముందు భాగంలో ఎముక అరిగి, చిగురు మెత్తబడి, సెట్టు మరింత వదులవుతుంది. పళ్ళు తీసేసిన చోట దవడ ఎముక కరగడం ఎలాగూ ఏళ్ళ తరబడి సాగుతూనే ఉంటుంది కాబట్టి, ఒకసారి చేయించిన సెట్టు ఎప్పటికీ అలాగే సరిపోదు. అందుచేత పైసెట్టును లోపలివైపు మళ్ళీ అతికేలా సరిచేయించడమో, కొత్తది చేయించడమో ఒక పని. కింద వెనుకవైపు లేని పళ్ళను కట్టించడం రెండో పని. ఈ రెండోది వదిలేస్తే మొదటిది ఎన్నిసార్లు చేయించినా నిలవదు. మీకు దగ్గర్లోనే విజయవాడలో ప్రభుత్వ దంత వైద్య కళాశాల ఉంది, అక్కడ కట్టుడు పళ్ళు అమర్చే ప్రోస్తోడాంటిక్స్ విభాగంలో చూపించండి.

మిగిలిన ఆరు పళ్ళనూ, గట్టిగా ఉన్నంతవరకు, ఎవరు చెప్పినా తొందరపడి తీయించకండి. కింది సెట్టుకు అంగిలి వంటి ఆసరా లేదు, పైగా నాలుక కదుపుతూనే ఉంటుంది; ఆ కాసిని పళ్ళే దానికి పట్టు. షుగరు అదుపులో లేకపోతే చిగుళ్ళ జబ్బు ముదిరి ఇవీ కదిలిపోతాయి, చిగుళ్ళ జబ్బు వల్ల షుగరు అదుపు తప్పడమూ ఉంది. కాబట్టి రెంటికీ కలిపి వైద్యం జరగాలి.

కొత్త సెట్టు పెట్టిన రోజే జంతికలు కొరకమని బలవంతపెట్టవద్దు. మొదట ఇడ్లీ, ఉప్మా, తర్వాత మెత్తగా ఉడికిన కూరముక్కలు, పప్పు, కోడిగుడ్డు. ముద్దను ఒక పక్కనే కాక రెండువైపులా సర్దుకుని నెమ్మదిగా నమలాలి. అంగిలి కప్పి ఉండడం వల్ల వేడి సరిగ్గా తెలియదు, కాబట్టి కాఫీ కాస్త చల్లారాకే ఇవ్వండి. రాత్రి సెట్టు తీసి, నీళ్ళున్న గిన్నె మీద పట్టుకుని (జారినా పగలకుండా) మెత్తని బ్రష్షుతో, సబ్బుతో తోమి, మామూలు నీళ్ళలో ఉంచాలి. మరిగే నీళ్ళు పోస్తే వంకర పోతుంది. ఒరుసుకున్న చోట ఇంట్లో ఆకురాయితో రుద్దవద్దు. రెండు వారాలకు మించి మానని పుండుగాని, తెల్లని మచ్చగాని కనిపిస్తే వెంటనే చూపించండి.

మాట అలవాటు కావడానికి రోజూ కాసేపు పైకి చదవమంటాం. వార్తాపత్రిక ఎందుకు, ఆయనకు పద్యాలున్నాయి. మనవణ్ణి ఎదురుగా కూర్చోబెట్టండి.