గుంతలు లెక్కపెట్టడానికా సివిల్ చదివించింది?

సూర్యాపేట వైపు నుంచి ఒక తండ్రిగారు అడిగారు. అమ్మాయి సివిల్ డిప్లొమా అయిపోయింది, ఊళ్ల రోడ్ల కండిషన్ సర్వే చేసే ఏజెన్సీలో ఆఫర్ వచ్చింది, "ఫోన్ పట్టుకుని గుంతలు లెక్కపెట్టడానికా మూడేళ్లు చదివించింది" అని ఆయన బాధ.

అండీ, గుంతలు లెక్కపెట్టడం వరకే అయితే మీరన్నది కరెక్టే. పీఎంజీఎస్‌వై అంటే ఊళ్లకి రోడ్లేసే కేంద్రం స్కీము, 2000లో మొదలైంది కదా, అందులో రోడ్డేసిన కాంట్రాక్టరే 5 ఏళ్లు మెయింటెనెన్స్ చూడాలి, ఆ తర్వాత ఉన్న కాస్త డబ్బు ఏ రోడ్డుకి ముందు పెట్టాలో తేలాలంటే ఎవరో ఒకరు వెళ్లి చూసి మార్కులెయ్యాలి. ఆ మార్కునే పీసీఐ (పేవ్‌మెంట్ కండిషన్ ఇండెక్స్) అంటారు, 1 నుంచి 5 దాకా. బండి 40 స్పీడు దాటి సాఫీగా పోతే 5, 10 కూడా దాటకపోతే 1, అంతే, ఎవరైనా వేసేస్తారు.

అసలు పనల్లా ఎందుకు పాడైందో పట్టుకోవడంలో ఉంది. నాట్లప్పుడు కేజ్ వీల్స్ (బురదలో దున్నడానికి వేసే ఇనప చక్రాలు) తియ్యకుండానే ట్రాక్టర్ రోడ్డెక్కిస్తారు, తారు మీద గాట్లు పడతాయి, వానకి నీళ్లు దిగి కంకర లేచిపోద్ది. ఇంకోచోట రోడ్డు పక్క మట్టి రోడ్డు కంటే ఎత్తైపోయి నీళ్లు పక్కకి పోక నిలబడతాయి, అక్కడ ఎన్ని ప్యాచ్‌లేసినా దండగే, ముందు ఆ పక్క మట్టి (బర్మ్ అంటారు) చెక్కాలి. ఫోటోలో రెండు గుంతలూ ఒకేలా ఉంటాయండీ, ఆ తేడా రాసేది సివిల్ చదివిన పిల్లే.

జాయినయ్యే ముందు ఏజెన్సీని గట్టిగా అడగండి: ఫీల్డ్‌కి జంటగా పంపిస్తారా, పెట్రోల్ విడిగా ఇస్తారా జీతంలోనేనా, ఆఫీసులో మ్యాపుల పని మీద కూర్చోబెడతారా లేదా. మూడోదానికి లేదంటే 6 నెలలు చేసి బయటికి వచ్చెయ్యమనండి, ఏడాదంతా బండి మీద తిరిగితే ఒళ్లు అలుస్తది తప్ప రెజ్యూమేలో ఏం మిగలదు.

ఈలోపు ఇంట్లో ల్యాప్‌టాప్ ఉంటే క్యూజీఐఎస్ అని మ్యాపులు చేసే సాఫ్ట్‌వేర్ వేసుకోమనండి, ఫ్రీనే. పీఎంజీఎస్‌వై రోడ్ల మ్యాప్ డేటా జియోసడక్ అనే ప్రభుత్వ వెబ్‌సైట్‌లో ఫ్రీగా దొరుకుతుంది, దాని మీద మీ మండలం రోడ్లకి తనే తిరిగి మార్కులేసి రంగులద్దిన మ్యాప్ ఒకటి చేస్తే ఇంటర్వ్యూలో సర్టిఫికెట్ కంటే అదే ఎక్కువ మాట్లాడిస్తుంది. డెహ్రాడూన్ ఐఐఆర్ఎస్ (రిమోట్ సెన్సింగ్ నేర్పే ప్రభుత్వ సంస్థ) వాళ్ల ఆన్‌లైన్ కోర్సులూ ఫ్రీనే.

డిప్లొమా వాళ్లు రాసే ఈసెట్ ఎంట్రన్స్ మాత్రం వదలొద్దు, బీటెక్ సెకండియర్‌లో చేరొచ్చు. ఏఈ (అసిస్టెంట్ ఇంజినీర్) ప్రభుత్వ ఉద్యోగాల నోటిఫికేషన్ పడితే రాయనివ్వండి, కానీ దానికోసమని ఇంట్లో మాత్రం కూర్చోబెట్టకండి.