టెక్ సందేహాలు: రెపోను పబ్లిక్ చేస్తే ఓపెన్‌సోర్స్ అయిపోతుందా?

ప్రశ్న: పాత డీటీపీ ఫాంట్లలో టైపు చేసిన తెలుగును యూనికోడ్‌లోకి (అన్ని కంప్యూటర్లూ, ఫోన్లూ గుర్తించే ప్రామాణిక పద్ధతిలోకి) మార్చే చిన్న పైథాన్ లైబ్రరీ, అంటే ఇతర ప్రోగ్రాములు వాడుకోదగ్గ కోడ్, రాశాను. కోడ్ దాచుకునే గిట్‌హబ్ సైట్‌లో ఆ రెపో (ప్రాజెక్టు ఫోల్డర్) ప్రైవేట్‌గా ఉంది. నలుగురికీ పనికొస్తుందని ఓపెన్‌సోర్స్ చేద్దామనుకుంటున్నా. పబ్లిక్ చేస్తే చాలా? ఎవరైనా తీసుకుని అమ్ముకుంటే ఎలా?
– ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: చాలా మంచి ఆలోచన. అనూ అనే డీటీపీ ఫాంట్లలో టైపు చేసిన పుస్తకాలు, పత్రికలు మన దగ్గర కుప్పలుగా పడి ఉన్నాయి. అందులో ఒక పేరు కోసం వెతుకుదామన్నా దొరకదు, ఫోన్లో తెరిస్తే పిచ్చి అక్షరాలు కనిపిస్తాయి. మీ కోడ్ తప్పకుండా బయటికి రావాలి.

అయితే పబ్లిక్ చేసినంత మాత్రాన ఓపెన్‌సోర్స్ కాదు. ఎవరైనా వాడుకుని, మార్చుకుని, పంచుకోవచ్చని లైసెన్స్ ఇస్తేనే ఓపెన్‌సోర్స్. లైసెన్స్ లేని కోడ్‌ను జనం చూడగలరు, గిట్‌హబ్‌లో ఫోర్క్ చేసుకోగలరు (తమ ఖాతాలోకి నకలు తీసుకోగలరు), అంతే. మీరు ఎక్కడా ఏమీ రాయకపోయినా కాపీరైట్ మీదే కాబట్టి, తమ యాప్‌లో వాడుకునే హక్కు ఎవరికీ రాదు. జాగ్రత్తగా ఉండే ప్రోగ్రామర్ లైసెన్స్ ఫైల్ కనబడకపోతే ఆ రెపో జోలికే వెళ్లడు.

కాపీరైట్ నిజంగా మీదేనా అన్నది ముందు తేల్చుకోండి. 1957 నాటి మన కాపీరైట్ చట్టం సెక్షన్ 17 ప్రకారం, వేరే ఒప్పందం లేకపోతే, ఉద్యోగంలో భాగంగా రాసినదానికి తొలి హక్కుదారు యజమానే. ఖాళీ సమయంలో రాసింది కూడా తమదేనని షరతు పెట్టే కంపెనీలున్నాయి. అపాయింట్‌మెంట్ లెటర్ తీసి ఒకసారి చదవండి. ఏ కాస్త అనుమానం ఉన్నా హెచ్‌ఆర్ నుంచి మెయిల్‌లో అనుమతి తీసుకోండి. నోటిమాట చాలదు.

అమ్ముకోవడం గురించి మొహమాటం లేకుండా చెబుతాను. ఓపెన్‌సోర్స్ అన్నాక అమ్ముకోవద్దని షరతు పెట్టడం కుదరదు. జీపీఎల్ అనే లైసెన్స్ పెడితే, మీ కోడ్ కలిపిన సాఫ్ట్‌వేర్‌ను పంచేవాళ్లు దాని సోర్స్‌ను కూడా అదే లైసెన్స్ కింద ఇవ్వాలి. ఎంఐటీ లైసెన్స్ పెడితే మీ కాపీరైట్ నోటీసు, లైసెన్స్ పాఠం ఉంచితే చాలు. అపాచీ 2.0 లైసెన్స్ కూడా దాదాపు అంతే, పైగా అందులో పేటెంట్ల గురించి స్పష్టమైన హామీ ఉంటుంది. మీ లైబ్రరీకైతే నా ఓటు ఎంఐటీకే. చిన్న ప్రచురణకర్తలు, యాప్‌లు చేసే కుర్రాళ్లు లాయర్‌ను అడక్కుండా వాడుకోగలగాలి. ఎవరో నాలుగు రూపాయలు సంపాదించుకున్నా, ఆ పుస్తకాలు యూనికోడ్‌లోకి రావడమే మనకు ముఖ్యం.

ఇక రెపోలో ఏముందో చూడండి. ఎప్పుడో పెట్టిన ఏపీఐ కీ (వేరే సేవను వాడుకునే రహస్య సంకేతం), పాస్‌వర్డ్ ఇప్పుడు ఫైల్లో కనబడకపోయినా పాత కమిట్లలో (రెపోలో నమోదైన పాత మార్పుల్లో) అలాగే ఉంటాయి. ముందు ఆ కీని రద్దు చేసి కొత్తది తీసుకోండి, ఆ తర్వాతే శుభ్రం చేయడం. గిట్ ఫిల్టర్-రెపో అనే పనిముట్టుతో ఆ మార్పుల చరిత్రను తిరగరాయొచ్చు. ఒక్కరే రాసిన కోడ్ కాబట్టి కొత్త రెపో తెరిచి ఒకే కమిట్‌తో మొదలుపెట్టడం ఇంకా తేలిక. అనూ ఫాంట్ ఫైళ్లను మాత్రం అందులో ఉంచకండి, అవి వేరేవాళ్ల సొత్తు. కోడ్ సరిగ్గా పనిచేస్తోందో చూసే టెస్టుల కోసం పత్రికల వ్యాసాలు కాపీ చేసి పెట్టకండి, సొంతంగా వాక్యాలు రాసుకోండి.

ఆ టెస్టుల్లో ‘సాఫ్ట్‌వేర్’ అనే మాట తప్పకుండా ఉండాలి. ట్ తర్వాత, వే ముందు కంటికి కనబడని ఒక అక్షరం ఉంటుంది. యూనికోడ్‌లో దాని సంఖ్య 200సి. అనవసరమైన స్పేసులు తీసేద్దామని రాసిన కోడ్ దాన్ని కూడా తుడిచేస్తే ‘సాఫ్ట్వేర్’ అవుతుంది, వకారం వెళ్లి ముందు అక్షరం కింద ఒత్తుగా చేరుతుంది. ఇలాంటి టెస్టులు ఉంటే, రేపు ముక్కూమొహం తెలియనివాళ్లు సవరణ పంపినా ఏం చెడిందో వెంటనే తెలుస్తుంది.

ప్రశ్న: నా లైబ్రరీని చూసుకునే తీరిక లేదు. ఆన్‌లైన్‌లో పరిచయమైన వ్యక్తి బాధ్యత తీసుకుంటానంటున్నారు. ఇచ్చేయొచ్చా?
– ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: తొందరపడకండి. లినక్స్‌లో ఫైళ్లను కుదించడానికి విరివిగా వాడే ఎక్స్‌జెడ్ లైబ్రరీ సంగతి చూడండి. ఒంటరిగా నెట్టుకొస్తున్న నిర్వాహకుడికి ఒక అపరిచితుడు రెండేళ్లకు పైగా సాయం చేసి, నమ్మకం సంపాదించి, చివరికి 5.6.0, 5.6.1 వెర్షన్లలో దొంగదారి పెట్టాడు. 2024 మార్చిలో ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీర్, తన సిస్టమ్‌లో లాగిన్‌కు అర సెకను ఎక్కువ పడుతోందేమిటని తవ్వబట్టి బయటపడింది.

మీకు పరిచయమైన వ్యక్తిని పుల్ రిక్వెస్టులు (కలపమని కోరే సవరణలు) పంపమనండి, చదివాకే కలపండి. పైథాన్ లైబ్రరీలు అందరికీ దొరికే పైపీఐ సైట్‌లో విడుదల చేసే హక్కు మీ దగ్గరే ఉంచుకోండి. చదివే తీరిక కూడా లేకపోతే, ఇకపై చూసుకోలేనని రీడ్‌మీ ఫైల్లో రాసి రెపోను ఆర్కైవ్ చేసేయండి (చూడటానికే తప్ప మార్చడానికి వీల్లేకుండా చేయడం). కోడ్ అక్కడే ఉంటుంది, కావలసినవాళ్లు ఫోర్క్ చేసుకుని తమ పేరుతో నడుపుకుంటారు.