రోమ్ విజయాలకు ఆయుధాలే ముఖ్య కారణమా?

ఆయుధాల వల్లనే రోమ్ అన్ని శతాబ్దాలు గెలిచిందా అని మీరు అడిగారు. వాటి పాత్ర పెద్దదే అయినా, అసలు బలం సైనికుడి శిక్షణలోనూ, అతన్ని నడిపిన వ్యవస్థలోనూ ఉందని నా అభిప్రాయం. గ్లాడియస్ అనే పొట్టి కత్తి స్పెయిన్ యోధుల నుంచి, ఇనుప కడియాల కవచం గాల్ (నేటి ఫ్రాన్స్ ప్రాంతం) ప్రజల నుంచి రోమన్లు తీసుకున్నవే. ఆ రెండు జాతులూ చివరికి రోమ్ చేతిలోనే ఓడిపోయాయి.

పైలమ్ అనే విసురు బల్లెం సంగతి కొంత వేరు. క్రీ.పూ. 58లో గాల్‌లోని బిబ్రాక్టే వద్ద రోమన్ సేనాని సీజర్ సైనికులు ఎత్తు మీది నుంచి ఒక్కసారిగా విసిరిన బల్లేలు, హెల్వెటీ తెగవారు ఒకదానికొకటి ఆనించి పట్టుకున్న డాళ్లను గుచ్చి కలిపేశాయి. ములుకులు వంగిపోవడంతో వాటిని పీకడం చేతకాక, ఎడమ చేయి ఆడక, చాలామంది డాళ్లను పారేసి రక్షణ లేకుండానే పోరాడవలసి వచ్చింది. వరుస చెదరకుండా, ఆజ్ఞ వినగానే అందరూ కలిసి విసరగలిగినందువల్లనే ఆ బల్లేనికి అంత ప్రభావం.

లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో రోమన్ చక్రవర్తి ట్రాజన్ యుద్ధాల దృశ్యాలు చెక్కిన విజయస్తంభపు ప్లాస్టర్ నకలును రెండు ముక్కలుగా నిలబెట్టారు. కింది వరుసలను దగ్గరగా చూస్తూ వెళ్లినప్పుడు నన్ను ఆపినవి యుద్ధ దృశ్యాలు కావు. చెట్లు నరుకుతూ, బుట్టలతో మట్టి మోస్తూ, కోట గోడలు కడుతున్న సైనికులు. శత్రువును తవ్వే పనిముట్టుతోనే గెలవాలని సేనాని కార్బులో అనేవాడట. ఆ మాట నాకు అక్కడే పూర్తిగా అర్థమైంది.

ఉత్తర ఇంగ్లండ్‌లోని విండోలాండా అనే రోమన్ కోటలో దొరికిన ఒక పలుచని చెక్క పలకపై రోమన్ సైన్యంలో పనిచేసిన తుంగ్రియన్ తెగవారి మొదటి దళం హాజరు పట్టీ ఉంది. మొత్తం 752 మందిలో కోటలో ఉన్నవారు 296 మంది. వారిలో 15 మంది రోగులు, 6గురు గాయపడ్డవారు, 10 మంది కంటి జబ్బుతో ఉన్నవారు. సరిహద్దు కోటలో కూడా ఎవరు ఎక్కడున్నారో ఇంత వివరంగా రాసుకున్న సైన్యం అది.

అయితే ఆ సైనికుడి విధేయత ఎవరికన్నదే రోమ్ రాజకీయాలను మార్చివేసింది. క్రీ.పూ. 88లో సేనాని సుల్లా తన సొంత నగరమైన రోమ్‌పైకే సైన్యాన్ని నడిపినప్పుడు, ఒక్క క్వెస్టర్ (ఖజానా అధికారి) తప్ప అధికారులందరూ అతన్ని విడిచి వెళ్లారని ప్రాచీన చరిత్రకారుడు అప్పియన్ రాశాడు. తూర్పు యుద్ధంలో దక్కబోయే కొల్లసొమ్ము ఇతరుల పాలవుతుందని భయపడిన సాధారణ సైనికులు మాత్రం అతని వెంటే రోమ్‌లోకి ప్రవేశించారు.