2 జీబీ ర్యామ్ ఉన్న పాత డెస్క్‌టాప్‌కి ఏ లైనక్స్ మంచిది?

చిత్తూరులో ఉంటున్నామనీ, డ్యూయల్ కోర్ ప్రాసెసరూ 2 జీబీ ర్యామూ ఉన్న పాత సిస్టమ్‌లో విండోస్ 10 కదలడం లేదనీ, తేలికైన లైనక్స్ ఏదైనా చెప్పమనీ మీరు రాసింది చదివితే మా ఇంటి సిస్టమ్ గురించే అడిగినట్టుంది. మాది తిరుపతి, కొర్లగుంట. 2009లో మా నాయన కొన్న అసెంబుల్డ్ డెస్క్‌టాప్, జి31 చిప్‌సెట్ ఉన్న మదర్‌బోర్డు, రెండేళ్లుగా యాంటిఎక్స్ అనే తేలికైన లైనక్స్‌తో రోజూ నడుస్తోంది. సూటిగా చెప్తున్నా, యాంటిఎక్స్ వేయండి, కానీ అంతకన్నా ముందు ర్యామ్ 4 జీబీ చేసి హార్డ్ డిస్క్ బదులు వాడే వేగమైన ఎస్‌ఎస్‌డీ చిన్నది ఒకటి పెట్టండి.

ఎందుకంటే నేను మొదట్లో అందరిలాగే ఏ ఓఎస్ ఖాళీగా ఉన్నప్పుడు ఎంత ర్యామ్ తింటుందో మాత్రమే చూశాను. ముందు ఉబుంటులోనే తేలిక రకమైన లుబుంటు వేశా, అదీ మంచిదే, కానీ 2 జీబీలో దానికి ఊపిరాడలేదు. తర్వాత యాంటిఎక్స్. అందులో వెనక సర్వీసుల్ని నడిపే సిస్టమ్‌డీ అనే ప్రోగ్రామ్ ఉండదు, పూర్తి డెస్క్‌టాప్ బదులు ఐస్‌డబ్ల్యూఎం అనే చిన్న విండో మేనేజర్ ఉంటుంది, అందుకే ఆన్ చేయగానే మా దాంట్లో ర్యామ్ వాడకం 250 ఎంబీ కూడా దాటలేదు. చాలా సంబరపడ్డా. కానీ ఫైర్‌ఫాక్స్ తెరిచి ఒక ట్యాబ్‌లో మెయిల్, ఇంకో ట్యాబ్‌లో యూట్యూబ్ పెట్టేసరికి ర్యామ్ నిండిపోయి క్యాబినెట్ మీద హార్డ్ డిస్క్ ఎర్ర లైటు ఆరకుండా వెలుగుతూనే ఉంది, మౌస్ కదిపితే బాణం గుర్తు కాసేపటికి గానీ కదల్లేదు. ఓఎస్ ఎంత తేలికైనా బ్రౌజర్ తేలిక కాదు కదా. ర్యామ్ చాలకపోతే మిగిలిన భారం స్వాప్ పేరుతో డిస్క్ మీద పడుతుంది, పాత హార్డ్ డిస్క్ దాన్ని మోయలేదు. సెకండ్ హ్యాండ్‌లో డీడీఆర్2 2 జీబీ స్టిక్ ఇంకొకటి దొరికింది, జి31 బోర్డు 4 జీబీ దాకానే తీసుకుంటుంది కాబట్టి అక్కడితో ఆపేశా. ఎస్‌ఎస్‌డీ డిస్క్ తగిలించే పాత సాటా పోర్టులో పూర్తి వేగంతో పనిచేయదు, అయినా తేడా మొదటిరోజే తెలుస్తుంది. బ్రౌజర్‌లో ప్రకటనలు ఆపే యూబ్లాక్ ఆరిజిన్, యూట్యూబ్ వీడియోల్ని పాత సిస్టమ్‌కి తేలికైన రూపంలో రప్పించే హెచ్264ఇఫై అనే ఎక్స్‌టెన్షన్లు రెండూ పెట్టుకోండి, యూట్యూబ్ 480పీలో ఆగకుండా ఆడుతుంది.

ఇప్పటి లైనక్స్‌లు చాలావరకు 64 బిట్ ప్రాసెసర్లకే వస్తున్నాయి. మీ ప్రాసెసర్ కోర్ 2 డ్యుయో గానీ పెంటియం డ్యూయల్ కోర్ గానీ అయితే 64 బిట్టే, టెన్షన్ అక్కర్లేదు. తొలినాటి పెంటియం 4, పాత ఆటమ్ లాంటి 32 బిట్ వాటికే చిక్కు. ఉబుంటు, మింట్ ఎప్పుడో 32 బిట్ ఆపేశాయి, 2025లో వచ్చిన డెబియన్ 13కి కూడా 32 బిట్ ఇన్‌స్టాలర్ లేదు. పప్పీ లైనక్స్ పెన్‌డ్రైవ్ నుంచే ర్యామ్‌లోకి ఎక్కి పనిచేస్తుంది, చెడిపోయిన విండోస్‌లోంచి ఫొటోలు బయటికి తీయడానికి దానికి మించింది లేదు. రోజువారీ వాడకానికి మాత్రం నేను చెప్పను, అది మామూలుగా అన్ని అధికారాలూ ఉన్న రూట్ యూజర్‌గానే నడుస్తుంది, భద్రత తక్కువ. యాంటిఎక్స్ చూడ్డానికి పాతకాలం దానిలా ఉందనిపిస్తే, 4 జీబీ చేశాక ఎక్స్‌ఎఫ్‌సీఈ డెస్క్‌టాప్‌తో వచ్చే ఎంఎక్స్ లైనక్స్ చూడండి, అది కూడా ఆ కుటుంబందే.

ఇంకో విషయం ఎవరూ చెప్పరు. 300 రూపాయల దర్శనం టికెట్లు వదిలే రోజున మా నాయన పొద్దున్నే సిస్టమ్ ముందు కూర్చుంటాడు, హైదరాబాద్, బెంగళూరు చుట్టాలందరి ఆధార్ నంబర్లూ ఒక నోట్‌బుక్‌లో రాసి పెట్టుకుని. ఒకసారి సరిగ్గా ఆ రోజే ఏ సైటూ తెరుచుకోలేదు, ప్రతి పేజీలోనూ సెక్యూరిటీ హెచ్చరికే. లైనక్స్ వేసి పాడుచేశావని నన్ను తిట్టాడు. చూస్తే కింద గడియారం పక్కన తేదీ 2009. బోర్డు మీది సీఆర్ 2032 బటన్ బ్యాటరీ అయిపోయింది, కరెంటు పోయినప్పుడల్లా తేదీ వెనక్కి వెళ్తోంది, తేదీ తప్పయితే సైట్ల సర్టిఫికెట్లను బ్రౌజర్ ఒప్పుకోదు. వాచీల షాపులో దొరుకుతుంది, క్యాబినెట్ తెరిచినప్పుడే అది కూడా మార్చేయండి, ప్రాసెసర్ ఫ్యాన్ కింద పేరుకున్న దుమ్ము కూడా బ్రష్‌తో దులపండి.

తెలుగు సంగతి. అక్షరాలు డబ్బాల్లా కనిపిస్తే లోహిత్ తెలుగు గానీ నోటో గానీ ఫాంట్ వేసుకుంటే సరి. టైపింగ్‌కి ఐబస్ అనే ప్రోగ్రామ్‌తో పాటు దాని ఎం17ఎన్ ప్యాకేజీ వేస్తే ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు వస్తుంది. కానీ మీ ఇంట్లో ఎవరైనా అను ఫాంట్లతో పేజ్‌మేకర్‌లో డీటీపీ చేస్తుంటే, లేదా ట్యాలీ వాడుతుంటే, విండోస్ తీసేయకండి. అవి విండోస్ ప్రోగ్రాములు, విండోస్ ప్రోగ్రాముల్ని లైనక్స్‌లో నడపడానికి వాడే వైన్‌తో కుస్తీ పట్టి పని చెడగొట్టుకోవడం దేనికి?

ఇన్‌స్టాల్ చేసేముందు పెన్‌డ్రైవ్ నుంచి లైవ్‌గా నడిపి సౌండ్, నెట్, ప్రింటర్ మూడూ చూసుకోండి. పాత లేజర్ ప్రింటర్లు కొన్నిటికి వేరే డ్రైవర్ కావాలి, మోడల్ నంబర్ ఇక్కడ రాస్తే చూసి చెప్తాను. పెన్‌డ్రైవ్ చేసుకోవడం కుదరకపోయినా చెప్పండి, మీ చిత్తూరు గ్రీమ్స్‌పేటలో మా పిన్నమ్మ వాళ్లింటికి నెలకోసారి వస్తుంటా, ఒకటి చేసి తెచ్చిస్తాను.