టెక్ సందేహాలు: రాజకీయాల హోరు నుంచి చెవులకు కాస్త విరామం

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో నాలుగింటి బాధ ఒక్కటే. ఫోన్ పట్టుకుంటే రాజకీయమే, హాయిగా వినేవి, నవ్వుకునేవి ఎక్కడ దొరుకుతాయని. మిగతా సందేహాలు వచ్చే వారానికి పెట్టి ఈసారి వీటికే జవాబిస్తున్నాను.

"అన్నా, నల్లగొండ నుంచి దేవరకొండ దిక్కు బడికి రోజూ బస్సుల పోత. పోను గంటన్నర, రాను గంటన్నర. యూట్యూబ్ తెరిస్తే డిబేట్లు, తిట్లు. ఒకటి తీసేస్తే ఇంకోటి వస్తది. బడికి చేరేసరికే తల్కాయ నొస్తది. రాజకీయం లేకుండ మనసుకు హాయిగ ఉండేటియి తెలుగుల ఏమన్న ఉన్నయా? పాడ్‌కాస్టులు అంటరు గద, అవి యాడ దొరుకుతయి?"
– ఉపాధ్యాయుడు, నల్లగొండ

ముందు యూట్యూబ్ సంగతి చూద్దాం. మీరు డిబేట్‌ను ఇష్టపడి చూశారా, మండిపడుతూ చూశారా అన్నది దానికి పెద్దగా తెలియదు. ఎంతసేపు చూశారన్నది మాత్రం బాగా తెలుసు. కోపంతో పావుగంట చూసినా అలాంటివే మరిన్ని తెచ్చి ముందు పెడుతుంది. వీడియో పక్కనున్న మూడు చుక్కలు నొక్కితే 'నాట్ ఇంట్రెస్టెడ్', 'డోంట్ రికమెండ్ చానల్' అని రెండు కనిపిస్తాయి. రెండోదే వాడండి, ఆ చానల్‌నే సిఫారసుల్లోంచి తీసేస్తుంది. వాచ్ హిస్టరీలోకి వెళ్లి పాత డిబేట్లను కూడా తొలగించండి. హిస్టరీని పూర్తిగా ఆపేసి పాతదంతా తుడిచేస్తే హోం పేజీ ఖాళీగా వస్తుంది. 2023 ఆగస్టు నుంచి యూట్యూబ్‌లో ఈ పద్ధతి ఉంది. అప్పుడు మీరు వెతికిందే మీకు కనిపిస్తుంది.

అయినా బస్సు ప్రయాణానికి యూట్యూబ్ వద్దనే నేనంటాను. ఆండ్రాయిడ్ ఫోన్ అయితే ప్లేస్టోర్‌లో 'యాంటెనాపాడ్' అనే యాప్ వేసుకోండి. ఉచితం, ప్రకటనలు ఉండవు, ఖాతా కూడా తెరవక్కర్లేదు. పాడ్‌కాస్టు అంటే ఇంటర్నెట్‌లో భాగాలుగా వచ్చే రేడియో కార్యక్రమం లాంటిది. దాదాపు ప్రతి పాడ్‌కాస్టుకూ ఇంటర్నెట్‌లో ఒక ఫీడ్ చిరునామా ఉంటుంది. కొత్త ఎపిసోడ్ పెట్టగానే యాప్ ఆ చిరునామాకు వెళ్లి తెచ్చుకుంటుంది, అంతే. తర్వాత ఏం వినాలో మీకు బదులు నిర్ణయించేవాళ్లు మధ్యలో ఎవరూ ఉండరు. దీన్ని నేను పదేపదే సిఫారసు చేసేది అందుకే. ఐఫోన్ ఉన్నవాళ్లకు ఆపిల్ పాడ్‌కాస్ట్స్ ఫోన్‌తోపాటే వస్తుంది. గూగుల్ పాడ్‌కాస్ట్స్ మాత్రం 2024లో మూతపడింది, పాత ఫోన్‌లో దాని గుర్తు కనిపించినా ఇక పనికిరాదు.

వెతికేటప్పుడు తెలుగు లిపిలో ఒకసారి, ఇంగ్లిష్ అక్షరాల్లో ఒకసారి కొట్టి చూడండి. మనవాళ్లలో కొందరు పేరు తెలుగులో పెడతారు, కొందరు ఇంగ్లిష్‌లో. ఒకే రకంగా వెతికితే సగం దొరకవు. ఏదైనా కంటబడితే వెంటనే సబ్‌స్క్రైబ్ చేయకుండా చివరి పది ఎపిసోడ్ల పేర్లు చదవండి. నాయకుల పేర్లు, పార్టీల పేర్లు కనిపిస్తే వదిలేయండి. ఆఖరి ఎపిసోడ్ ఎప్పుడు వచ్చిందో కూడా చూడండి, ఉత్సాహంగా మొదలై పదో భాగం దగ్గర ఆగిపోయినవి తెలుగులో చాలా ఉన్నాయి. వినేటప్పుడు మొదటి రెండు నిమిషాలు కాదు, మధ్యలో ఒక ఐదు నిమిషాలు వినండి. మొదట్లో అందరూ బాగానే మాట్లాడతారు. ఎదురెదురుగా మైకులు పెట్టుకుని రెండేసి గంటలు సాగే వీడియో పాడ్‌కాస్టులు ఈమధ్య ఎక్కువయ్యాయి. సినిమా కబుర్లతో మొదలైనవి కూడా సగం దాటాక రాజకీయాల్లోకి దిగుతుంటాయి. మీ అవసరానికి అవి పనికిరావు.

ఇక ఏం వినాలి? నా మొదటి మాట కిరణ్‌ప్రభ టాక్ షోలు. రచయితల, సినిమా కళాకారుల జీవితాలను ఆయన తొందరలేకుండా, గొంతు పెంచకుండా చెప్పుకుపోతారు. ఒక్కొక్కరి గురించి అనేక భాగాలుంటాయి కాబట్టి మీ మూడు గంటలకు సరిగ్గా సరిపోతాయి. 'హర్షణీయం'లో తెలుగు కథలు వినిపిస్తారు, రచయితలతో, అనువాదకులతో ముచ్చటిస్తారు. దర్శకుడు పూరీ జగన్నాథ్ 'పూరీ మ్యూజింగ్స్' ఎపిసోడ్లు కొద్ది నిమిషాలవే, ఒక్కో దానిలో ఒక్కో అంశం. అన్నింటితోనూ మీరు ఏకీభవించకపోవచ్చు, కానీ బస్టాండులో నిలబడ్డ కాసేపటికి బాగుంటాయి.

ఇంగ్లిష్ ఫర్వాలేదనుకుంటే 'నో సచ్ థింగ్ యాజ్ ఎ ఫిష్' వినండి. 2014లో మొదలైంది. బ్రిటన్‌లో ఒక టీవీ క్విజ్ కార్యక్రమానికి పరిశోధన చేసేవాళ్లు నలుగురు కూర్చుని, ఆ వారం తమకు తారసపడిన వింత నిజం తలా ఒకటి చెప్పి దాని చుట్టూ నవ్వుకుంటారు. జంతువుల గురించి, పాత కాలపు ఆచారాల గురించి వాళ్లు చెప్పేవి మర్నాడు తరగతిలో పిల్లలకు చెప్పొచ్చు. వాళ్ల యాస మొదట అందకపోతే వేగాన్ని 0.8కు తగ్గించండి. మధ్యమధ్య పెద్దల హాస్యం కూడా దొర్లుతుంది, అందుకని ఇయర్‌ఫోన్స్ పెట్టుకునే వినండి.

"సార్, అచ్చంపేట నుంచి శ్రీశైలానికి కారు నడుపుతా. బండెక్కినోళ్లు పార్టీల మీద కొట్లాడుకుంటరు. ఏదన్న కమ్మగ పెడుదామంటే మన్ననూరు దాటినంక సిగ్నల్ పోతది. ఏం చేయాలె?"
– డ్రైవర్, అచ్చంపేట

నల్లమలలోకి వెళ్లాక నెట్‌ను నమ్ముకోకండి. ముందురోజు రాత్రే ఇంట్లో వైఫై మీద డౌన్‌లోడ్ చేసుకోండి. చాలామంది అనుకున్నంత డేటా పట్టదు. 64 కేబీపీఎస్ (సెకనుకు ఎంత డేటా పడుతుందో చెప్పే కొలత) ఆడియో అయితే గంటకు 29 ఎంబీ, 128 అయితే 58 ఎంబీ. మూడు గంటల సరంజామా ఎక్కువలో ఎక్కువ 175 ఎంబీ అవుతుంది. స్పాటిఫైలో పాటలు డౌన్‌లోడ్ చేయాలంటే డబ్బు కట్టాలి గానీ, పాడ్‌కాస్టులకు అక్కర్లేదు. డౌన్‌లోడ్ చేసినవి పోకుండా ఉండాలంటే 30 రోజులకోసారైనా ఆ యాప్‌ను నెట్‌కు కలపాలి.

బండి తీసే ముందు ఫోన్‌ను ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టి ప్రతి ఎపిసోడ్‌నూ ఒక క్షణం ప్లే చేసి చూడండి. పలికితే డౌన్‌లోడ్ అయినట్టే. తర్వాత అన్నింటినీ వరుసగా క్యూలో పెట్టేయండి. ఆ ఘాట్ మలుపుల్లో ఫోన్ మీద వేలు పెట్టే అవసరమే రాకూడదు. ఏం పెట్టాలంటే, నలుగురు కూర్చున్న కారులో కథలే మేలు. జోకులు ఒకరికి నచ్చుతాయి, ఇంకొకరికి తగులుతాయి. కథ మొదలైతే మాత్రం తర్వాత ఏమైందోనని అందరూ చెవులప్పగిస్తారు.

"అన్నా, గద్వాలలో మేం చీరలు నేస్తం. మగ్గం మీద కూసుంటే చేతులు, కాళ్లు ఖాళీ ఉండయి. ఒక సినిమా ముచ్చట్ల పాడ్‌కాస్టు ఇష్టంగ వింటుంట. ఎలక్షన్లు వస్తే చాలు, అండ్ల లీడర్లను కూసోబెడ్తరు. వాటిని రాకుండ ఆపొచ్చా? ఇంకోటి, మగ్గం సప్పుడుకు మాట సక్కగ ఇనబడది."
– నేత కార్మికురాలు, గద్వాల

ఆపొచ్చమ్మా, బాగా ఆపొచ్చు. యాంటెనాపాడ్‌లో ఆ పాడ్‌కాస్టును తెరిచి దాని సెట్టింగ్స్‌లోకి వెళ్లండి. ఆటోమేటిక్ డౌన్‌లోడ్ ఆన్ చేస్తే ఎపిసోడ్ ఫిల్టర్ అనేది కనిపిస్తుంది. పేరులో ఫలానా మాట ఉంటే ఆ ఎపిసోడ్‌ను డౌన్‌లోడ్ చేయొద్దని అక్కడ చెప్పొచ్చు. 'ఎన్నికలు' అని పూర్తిగా రాయకుండా 'ఎన్నిక' వరకే రాయండి. అప్పుడు ఎన్నికలు, ఎన్నికల్లో, ఎన్నికలకు అన్నీ దొరికిపోతాయి. 'ఎలక్షన్', 'ఎమ్మెల్యే', 'సర్పంచ్', పార్టీల పేర్లు కూడా చేర్చండి. ఇవే మాటలను ఇంగ్లిష్ అక్షరాల్లోనూ రాయండి. ఆ మాట ఎపిసోడ్ పేరులో ఉంటేనే ఫిల్టర్ పట్టుకుంటుంది, లోపల మాట్లాడింది దానికి తెలియదు. పొద్దున డౌన్‌లోడ్ అయినవాటినే క్యూలో పెట్టుకుంటే మధ్యాహ్నం దాకా లేవక్కర్లేదు.

మాట వినబడకపోవడానికి కూడా అదే సెట్టింగ్స్‌లో మందుంది. వాల్యూమ్ అడాప్టేషన్ అని ఉంటుంది, ఒక్క ఆ పాడ్‌కాస్టు శబ్దాన్నే పెంచుకోవచ్చు. రెండు చెవుల్లో పెట్టుకుని ఫుల్ సౌండ్ మాత్రం పెట్టకండి. మగ్గం చప్పుడును మించి వినాలని పెంచుకుంటూ పోతే కొన్నేళ్లకు వినికిడి దెబ్బతింటుంది. ఒక చెవిలో పెట్టుకుని, మధ్యమధ్య ఆపి ఇంకో చెవికి మార్చండి.

"మా నాన్న రిటైరయ్యారు. రోజంతా ఫోన్‌లో రాజకీయ చర్చలే. బీపీ పెరుగుతోంది. ఆయనకు తెలియకుండా ఆ చానళ్లన్నీ బ్లాక్ చేసే మార్గం చెప్పండి."
– మహబూబ్‌నగర్ పాఠకుడు

మార్గం ఉంది కానీ చెప్పను. అది ఆయన ఫోన్, ఏం చూడాలన్నది ఆయన ఇష్టం. బీపీ సంగతి డాక్టరు గారి చేత చెప్పించండి. ఆయన పక్కన కూర్చుని, అడిగి, ఒప్పుకుంటే రెండు పనులు చేయండి. గంటగంటకూ మోగే న్యూస్ నోటిఫికేషన్‌ను నొక్కి పట్టుకుంటే ఆపే అవకాశం వస్తుంది, ఆపేయండి. హోం స్క్రీన్‌ను కుడివైపు జరిపితే వచ్చే గూగుల్ వార్తల పేజీని కూడా తీసేయండి. చాలా ఫోన్లలో ఖాళీ జాగాలో నొక్కి పట్టుకుంటే వచ్చే హోం సెట్టింగ్స్‌లో ఆ స్విచ్ ఉంటుంది.

తర్వాత 'న్యూస్ ఆన్ ఎయిర్' యాప్ వేసి పెట్టండి. పేరులో న్యూస్ ఉన్నా, అందులో ఆకాశవాణి కేంద్రాలు 200కు పైగా ప్రత్యక్షంగా వస్తాయి. హైదరాబాద్ కేంద్రాన్ని ఫేవరెట్‌గా పెట్టి, ఆ యాప్‌ను ఆయన బొటనవేలికి అందేలా మొదటి స్క్రీన్‌లో కింది వరుసలో ఉంచండి. పాత పాటలు, నాటికలు, వ్యవసాయ కబుర్లు వింటూ పెరిగిన తరం కదా, వెతుక్కునే పని లేకపోతే వింటారు. వారం తర్వాత ఏది బాగుందో ఆయన్నే అడిగి, అలాంటివి యాంటెనాపాడ్‌లో ఇంకో రెండు చేర్చండి.