ఓక్ పీపా బీరు మీద రాయబోతున్న నీకు

చిరంజీవికి ఆశీస్సులు.

నువ్వు బెల్జియంలోని లూవెన్ నుంచి పంపిన రుచి నోట్స్ చదివాను. భాష బాగుంది. ఇబ్బంది వేరే చోట ఉంది. "వెనిలా, కొబ్బరి, ఎండుద్రాక్ష, లవంగం, చాక్లెట్" అని వరసగా పేర్చి వదిలేశావు. వాటిలో బీరు సొంతం ఏది, పీపా ఇచ్చింది ఏది, ఏళ్లు గడిచి వచ్చింది ఏది అన్నది చదివేవాడికి తెలియలేదు. పీపాలో నిలవ చేసిన బెల్జియన్ నల్లబీర్ల మీద రాసేవాడికి సగం పని అక్కడే ఉంటుంది. వాసన పేరు రాయడం ఎవరైనా చేస్తారు. అది ఎక్కడి నుంచి వచ్చిందో రాయి.

పీపా కన్నా ముందు బీరును తెలుసుకో. ఈ జాతి బీర్ల నలుపులో ఎక్కువ వాటా ముదురు క్యాండీ పాకానిది, అంటే నల్లగా కాచిన చక్కెర పాకానిది, మాడ్చిన గింజలది కాదు. కిస్‌మిస్, అంజీర, ఎండు ఖర్జూరం, తాటిబెల్లం లాంటి వాసనలకు మూలం ఆ పాకం, ముదురు మాల్టు (మొలకెత్తించి ఆరబెట్టిన బార్లీ). ఆ చక్కెరను ఈస్ట్ దాదాపు మొత్తం తినేస్తుంది కాబట్టి ముక్కుకు తీపిగా తగిలినా గుక్క చివర నోరు పొడిగా మిగలాలి. "తియ్యని బీరు" అని రాసే ముందు మింగి పది సెకన్లు ఆగు. మగ్గిన అరటిపండు, లవంగం ఈస్ట్ పనితనం. కాఫీ, చాక్లెట్ అన్న మాటలు మాడ్చిన గింజలతో చేసే స్టౌట్ బీర్ల మీద రాసిన నోట్స్ చదివి అలవాటైనవని నా అనుమానం. ఈ బీర్లలో అవి అసలు రావని కాదు గాని, నీ ప్రతి నోట్‌లోనూ ఉన్నాయంటే నాలుక కన్నా చెయ్యి ముందు నడుస్తోందన్నమాట.

ఒక సవరణ కూడా. "బెల్జియం పుట్టించిన క్వాడ్రుపెల్" అని రాశావు. ఈ బలమైన నల్లబీరు జాతికి ఆ పేరును 1991లో వాడుకలోకి తెచ్చింది నెదర్లాండ్స్‌లో, టిల్‌బర్గ్ దగ్గరున్న కోనింగ్స్‌హూవెన్ మఠం. లా ట్రాప్ బీరు వాళ్లదే. బీరు మాత్రం అంతకు ముందే బెల్జియంలో ఉంది: వెస్ట్‌ఫ్లెటెరెన్ 12, రోష్‌ఫోర్ 10, సింట్ బెర్నార్డస్ ఆబ్ట్ 12. వాటి సీసాల మీద క్వాడ్రుపెల్ అన్న మాట వెతకకు.

ఇక అసలు పద్ధతి. పీపా బీరును ఒంటరిగా రుచి చూడకు. పక్కన దాని మామూలు సీసా ఉండాలి. బ్రూజ్‌లో డె హాల్వె మాన్ అనే బ్రూవరీ వాళ్ల స్ట్రాఫె హెండ్రిక్ క్వాడ్రుపెల్‌లో ఆల్కహాల్ 11 శాతం. దాన్నే ఓక్ పీపాల్లో ఉంచి హెరిటేజ్ పేరుతో అమ్ముతారు. షిమే నీలం లేబుల్ గ్రాండ్ రిజర్వ్ 9 శాతం, దానికి కొన్యాక్, రమ్, విస్కీ పీపాల ఎడిషన్లు ఉన్నాయి. లా ట్రాప్ క్వాడ్రుపెల్‌కు ఓక్ ఏజ్డ్ ఉంది. ముందు మామూలుది, తరవాత పీపాది. మొదటి గ్లాసులో లేకుండా రెండోదాంట్లో కనిపించినవన్నీ వేరే కాగితం మీద రాయి. ఆ కాగితమే నీ వ్యాసం.

సీసాలను ముందురోజే నిలబెట్టి ఉంచు, మడ్డి అడుక్కి దిగుతుంది. ఒకే ఊపులో పోసి, అడుగున ఒక సెంటీమీటరు వదిలెయ్. కావాలంటే ఆ మడ్డిని చివర్లో విడిగా రుచి చూడు, అంతేగాని మధ్యలో కలపకు. ట్యూలిప్ ఆకారపు గ్లాసులో 80 మిల్లీలీటర్లు చాలు, పైన ఖాళీ ఉంటేనే వాసన నిలుస్తుంది. ఫ్రిజ్ చలిలో, అంటే 4 డిగ్రీల దగ్గర, వెనిలా పైకి రాదు, వగరు మాత్రం ఎక్కువగా తెలుస్తుంది. "పీపా ఎక్కువైంది" అని తొందరపడి తీర్పు ఇచ్చేవాళ్లలో చాలామంది చల్లటి గ్లాసుకు తీర్పు ఇస్తున్నారు. 10 డిగ్రీల దగ్గర మొదలుపెట్టి, 13 దగ్గర ఒకసారి, 16 దగ్గర ఒకసారి రాయి. 18 దాటితే ఆల్కహాల్ మిగతావాటిని కప్పేస్తుంది. వంటింటి థర్మామీటరు ఒకటి కొనుక్కో, అంచనాలు వద్దు. మొదటి గుక్కకు నోరు ఆల్కహాల్‌తో బిత్తరపోతుంది, నోట్ రెండో గుక్క నుంచే. మధ్యలో నీళ్లు, ఉత్త బ్రెడ్డు. ఆవకాయ తిన్న పూట ఈ పని పెట్టుకోకు.

పీపా విషయంలో నాలుగైదు సంగతులు గట్టిగా తెలిసి ఉండాలి. బర్బన్ అనే అమెరికన్ విస్కీని అమెరికా చట్టం ప్రకారం లోపల కాల్చిన కొత్త ఓక్‌లోనే నిలవ చెయ్యాలి. అందుకే ఒకసారి వాడిన 200 లీటర్ల పీపాలు పుష్కలంగా బయటికొస్తాయి. అమెరికన్ ఓక్‌లో ల్యాక్టోన్లనే వాసన పదార్థాలు ఎక్కువ, కొబ్బరి వాసన వాటిదే. వెనిలా చెక్కలోని లిగ్నిన్ అనే పదార్థం విరిగితే పుడుతుంది. ఫ్రెంచ్ ఓక్‌లో కొబ్బరి తక్కువ, వగరూ మసాలా ఎక్కువ. చిన్న పీపాలో ప్రతి లీటరుకూ తగిలే చెక్క ఎక్కువ కాబట్టి రుచి త్వరగా దిగుతుంది. 550 లీటర్ల పోర్ట్ పీపాలో అదే పని నెమ్మదిగా జరుగుతుంది. చెక్క పీల్చుకున్న మద్యం బీరులోకి కొంత దిగుతుంది, లేబుల్ మీద శాతం మామూలు సీసా కన్నా పెరిగితే ఇదీ ఒక కారణం.

చిక్కంతా లవంగంతోనే. ఈస్ట్ కూడా ఇస్తుంది, ఓక్‌లోని యూజినాల్ అనే పదార్థం కూడా ఇస్తుంది. ఈస్ట్ లవంగం మామూలు సీసాలోనూ ఉంటుంది, గ్లాసు ముక్కు దగ్గరికి తేగానే తగులుతుంది, ఏళ్లు గడిచేకొద్దీ తగ్గుతుంది. ఓక్ లవంగం వెనిలాతో కలిసి, మింగాక వస్తుంది. రెండూ ఉన్నాయనిపిస్తే రెండూ ఉన్నాయనే రాయి.

లోపాల దగ్గర నీ నోట్స్ బొత్తిగా తేలిపోయాయి. "కాస్త పులుపు" అని ఒక్క మాట రాశావు. ఏ పులుపు? పీపాలో ద్రవం ఆవిరై పైన ఖాళీ ఏర్పడి, గాలి చేరితే ఎసిటిక్ బాక్టీరియా వెనిగర్ తయారుచేస్తుంది. దాంతోపాటే ఇథైల్ ఎసిటేట్ కూడా, అంటే నెయిల్ పాలిష్ రిమూవర్ వాసన. పొద్దెక్కేదాకా ఎండలో పెట్టిన కల్లు నీకు తెలుసుగా, ఆ ముక్కుపోటు ఇదే దారిలో వస్తుంది. ఇది లీలగా ఉంటే బీరుకు చురుకు, ముందుకొచ్చి కూర్చుంటే లోపం. ఇథైల్ ఎసిటేట్ ముక్కులో పొడుస్తుంది. ఈస్ట్‌ను మరీ వేడిలో పులియబెడితే వచ్చే ఫ్యూసెల్ అనే బరువైన రకం ఆల్కహాల్ గొంతులో మండుతుంది. రెండింటినీ కలిపి "ఘాటు" అని రాస్తే తప్పు ఎవరిదో చదివేవాడికి అందదు: మొదటిది ఎక్కువగా పీపా గదిలో జరిగింది, రెండోది అంతకు ముందే, పులియబెట్టిన ట్యాంకులో.

గుర్రపుశాల, బ్యాండ్‌ఎయిడ్ వాసనలు బ్రెట్టనోమైసిస్ అనే అడవి ఈస్ట్ గుర్తులు. చెక్క రంధ్రాల్లో దాక్కుంటుంది, మామూలు ఈస్ట్ వదిలేసిన చక్కెరలను కూడా తింటుంది. అందుకే సీసా మూత తియ్యగానే నురగ పొంగిపొర్లడం, బీరు నోట్లో చిక్కదనం పోయి పలచబడడం, ఈ వాసన మూడూ కలిసొస్తే అనుమానం దానిమీదే. దీనికి వ్యతిరేకంగా నురగే లేకుండా చప్పగా ఉందనుకో, పీపాలో గ్యాస్ పోయాక సీసాలో మళ్లీ పులియడానికి వేసిన ఈస్ట్ 11 శాతం ఆల్కహాల్‌లో బతకలేకపోయి ఉండొచ్చు. తడిసిన అట్టపెట్టె వాసన ఆక్సిజన్ చేసిన చెరుపు. షెర్రీ వాసన, పాకం ఇచ్చినదానికి పైన కూడే ఎండుద్రాక్ష కూడా ఆక్సిజన్ పనే, అయితే అది మేలు చేసిన వైపు. సోయాసాస్ ఛాయ కనిపిస్తే బీరుకు వయసు మీరిందని లెక్క, చచ్చిన ఈస్ట్ కణాలు కరిగి వదిలేది.

ప్రతి నోట్ పైన బ్యాచ్ నంబరు లేదా ఏడాది, పీపా రకం, తెరిచిన తేదీ, డిగ్రీలు ఉండాలి. లా ట్రాప్ ఓక్ ఏజ్డ్‌లో ఒక్కో బ్యాచ్‌కు ఒక్కో రకం పీపాల మిశ్రమం వాడతారు, నంబరు సీసా మీదే ఉంటుంది. హెరిటేజ్‌కూ ఏడాదికో పీపా మారుతుంది. నంబరు లేకుండా "లా ట్రాప్ ఓక్ ఏజ్డ్ అద్భుతం" అని రాస్తే అది చదివి కొనుక్కున్నవాడి గ్లాసులో వేరే బీరు ఉంటుంది.

పరిమాణం సంగతి మొహమాటం లేకుండా చెబుతాను. 11 శాతం బీరు 33 సెంటీలీటర్లలో దాదాపు 29 గ్రాముల ఆల్కహాల్ ఉంటుంది, బెల్జియం లెక్కలో ఒక గ్లాసంటే 10 గ్రాములు. 75 సెంటీలీటర్ల సీసా ఒకటి తెరిస్తే నలుగురైదుగురు ఉండాలి. పూటకు నాలుగు నమూనాలు మించితే ఆ పైన రాసింది చింపెయ్, నాలుక అప్పటికే అలిసిపోయి ఉంటుంది. కారు ఊసే వద్దు, రైలుంది.

సెలవులకు వచ్చేటప్పుడు సీసాలు తెస్తానన్నావు. కస్టమ్స్ సుంకం లేకుండా మనిషికి 2 లీటర్లు, అంటే 33 సెంటీలీటర్లవి ఆరు. అవి విజయవాడ మే నెలలో అలమరాలో పెడితే నెలల్లోనే అట్టపెట్టె వాసనకు వస్తాయి. దిగిన రోజే ఫ్రిజ్‌లో నిలబెట్టు, పడుకోబెట్టకు. వచ్చే ఉత్తరంలో హెరిటేజ్, దాని మామూలు సీసా ఒకే పూట తెరిచి రాసిన రెండు కాగితాలూ పంపు, దిద్దకుండా.