కాలు పెట్టగానే కూలే పలకల గురించి

చి. కీర్తికి,

పెదనాన్న ఆశీస్సులు. నువ్వు పంపిన గేమ్ ఆడాను. పరుగు, దూకుడు, బొమ్మలు అన్నీ ముచ్చటగా కుదిరాయి. మూడో లెవెల్లో అగాధం మీద వరసగా కూలిపోయే పలకలు పెట్టావు చూడు, ఈ ఉత్తరం వాటి కోసమే.

పలక కూలిందని ఎవరూ కోపం తెచ్చుకోరు తల్లీ. చెప్పాపెట్టకుండా కూలితేనే కోపమొస్తుంది. నీ పలక మామూలు రాయిలాగే కనిపిస్తూ, కాలు మోపీ మోపకముందే పడిపోతోంది. చచ్చిపోయిన ప్రతిసారీ ఆడేవాళ్ళు "అరె, కాస్త ముందే దూకాల్సింది" అనుకుంటే మళ్ళీ మొదలుపెడతారు. "ఇదేం అన్యాయం" అనుకుంటే గేమ్ మూసేస్తారు.

పాతవాళ్ళు ఈ పని ఎంత శ్రద్ధగా చేశారో చూడు. 1983లో మాథ్యూ స్మిత్ జెడ్ఎక్స్ స్పెక్ట్రమ్ అనే ఇంటి కంప్యూటర్ మీద చేసిన మానిక్ మైనర్ గేమ్‌లో, మొదటి గదిలోనే ఇలాంటి నేల ఉంది. నిలబడే కొద్దీ గీతగీతగా తరిగిపోతుంది. ఇంకెంత మిగిలిందో కళ్ళకు కనపడుతూనే ఉంటుంది. 1988 నాటి సూపర్ మారియో బ్రదర్స్ 3లో డోనట్ పలకలు పరిగెత్తుతూ దాటేవాళ్ళను ఏమీ చేయవు, ఆగి నిలబడ్డవాళ్ళనే కింద పడేస్తాయి. పైగా వాటి ఆకారమే వేరు, దూరం నుంచే గుర్తుపట్టొచ్చు.

నాకు అన్నిటికంటే ఇష్టమైనది మాత్రం జోర్డన్ మెక్నర్ 1989లో తెచ్చిన ప్రిన్స్ ఆఫ్ పర్షియా. అందులో వదులు పలకలు పక్క పలకల్లాగే ఉంటాయి, నిజమే. కానీ రాకుమారుడు ఉన్నచోటనే ఒకసారి ఎగిరితే, ఆ గదిలోని వదులు పలకలు గడగడలాడతాయి. అంటే తొందరపడనివాళ్ళకు ముందే తెలుసుకునే దారి ఉంది. ఇంకా గొప్ప సంగతి, ఊడిన పలక కిందనున్న మీట మీద పడితే ఆ మీట నొక్కుకునే ఉండిపోయి తలుపు తెరుచుకునే ఉంటుంది. అడ్డంకే పనిముట్టయింది! నీ లెవెల్లో కూడా పడే పలకకు అలాంటి పని ఏదైనా దొరుకుతుందేమో ఆలోచించు. దొరికితే ఆ అగాధం రూపే మారిపోతుంది.

ఇక సమయం. నీ గేమ్ సెకనుకు 60 ఫ్రేముల మీద, అంటే తెర మీద సెకనుకు 60 బొమ్మలు మారుతూ, నడుస్తోంది కదా. మొదటిసారి ఎదురైన పలకకు కాలు మోపాక కనీసం 30 ఫ్రేములు, అంటే అర సెకను, ఇవ్వు. తర్వాతి లెవెళ్ళలో తగ్గించుకుంటూ పో. ఆ 30 ఫ్రేముల్లో పలక వణకాలి, దుమ్ము రాలాలి, పగులు చప్పుడు వినపడాలి. వణికే చప్పుడు వేరు, పడిపోయే చప్పుడు వేరుగా పెట్టు. మెగా మ్యాన్ గేమ్‌లో మాయమై ప్రత్యక్షమయ్యే దిమ్మెలను జనం చెవితో విని లెక్క పట్టేవాళ్ళు.

మొట్టమొదటి పలక కింద అగాధం వద్దు, గట్టి నేల ఉంచు. పడ్డా దెబ్బ తగలకుండా లేచి నవ్వుకోవాలి. దాని స్వభావం అర్థమయ్యాకే ప్రాణం మీదికి తేవాలి. నీ లెవెల్ నీకు కంఠతా వచ్చు కాబట్టి కష్టమెంతో నీ చేతులతో తూచకు. ఎప్పుడూ ఆడని స్నేహితురాలి చేతికిచ్చి, నోరు మెదపకుండా పక్కన కూర్చో. స్క్రీన్ కంటే ఆమె వేళ్ళను ఎక్కువగా చూడు.

కోడ్‌లో ఒక చిక్కుంది. పలక కిందికి జారేటప్పుడు దూకుడు బటన్ నొక్కితే ఒక్కోసారి పనిచేయడం లేదు. నీ పాత్ర ఒక ఫ్రేములో నేల మీద, మరుసటి ఫ్రేములో గాల్లో ఉన్నట్టు లెక్క తేలుతున్నట్టుంది. ముందు పలకను జరుపు, అంతే దూరం దాని మీదున్న పాత్రనూ జరుపు, ఆ తర్వాతే నేల తగిలిందా లేదా చూడు. దానికితోడు, అంచు దాటాక కూడా కాసేపు దూకే వీలివ్వు. 2018లో వచ్చిన సెలెస్ట్ గేమ్‌లో ఇది సెకనులో పదో వంతు. ఆడేవాళ్ళకు ఆ సాయం తెలియనే తెలియదు, తమ నేర్పే అనుకుంటారు. కాలికింది పలక మాయమైనప్పుడూ ఇదే వర్తించాలి.

పడిన పలక తిరిగి రావాలా వద్దా అన్నది ఇంకా తేల్చుకోలేదనుకుంటా. తాళంచెవి ఉన్న అరుగు మీదికి నాలుగు పలకలు దాటి వెళ్ళాను. వెనక్కి తిరిగేసరికి ఒక్కటీ లేదు! చావూ లేదు, దారీ లేదు, మళ్ళీ మొదటినుంచి పెట్టుకోవాల్సి వచ్చింది. రెండు సెకన్లకో మూడు సెకన్లకో పలకలు తిరిగొచ్చేలా చెయ్యి, లేదా అరుగు నుంచి కిందికి వేరే దారి పెట్టు. తిరిగొచ్చే చోట పాత్ర ఉంటే అది తప్పుకునేదాకా పలక ఆగాలి, లేకపోతే రాయిలో ఇరుక్కుపోతుంది. చచ్చి చెక్‌పాయింట్ దగ్గర లేచినప్పుడు మాత్రం అన్ని పలకలూ వెంటనే యథాస్థానంలో ఉండాలి.

ముందు తాళంచెవి అరుగు, తర్వాత బటన్ సంగతి, ఆపైన వణుకూ చప్పుడూ. ఈ వరసలో చేసుకో. ఆదివారంలోగా అయితే పంపు, నేనూ మీ పెద్దమ్మా కూర్చుని ఆడతాం. ఆమె ఇంతవరకు నీ గేమ్ చూడలేదు, నీకు కావాల్సింది అలాంటివాళ్ళే.

అమ్మానాన్నలను అడిగానని చెప్పు.

మీ
పెదనాన్న